మన బోలెరో ఎంత ఎత్తుండాలి?



రెండు వారాలుగా విశాఖపట్నం నుండి, హైదరాబాదు నుండి, కువైట్ నుండి మన సంఘస్థులు కొందరు ఫోన్లు చేస్తున్నారు. "అయ్యగారూ, బండి ఫోటో చూశాం. పెద్ద టైర్లు వేసి ఎత్తు చేయించారట కదా" అని అడుగుతున్నారు. కొందరికి సంతోషం. కొందరికి సందేహం. "ఉన్న టైర్లు బాగానే ఉన్నాయి కదా, ఇప్పుడా ఖర్చు దేనికి?" అని ఒక పెద్దాయన అడిగారు. "చేయించేదేదో నాలుగంగుళాలు ఎత్తించాల్సింది, సగంలో ఆపేశారేంటి?" అని ఒక తమ్ముడు అడిగాడు. ఇద్దరివీ న్యాయమైన ప్రశ్నలే. ఆ సొమ్ము సంఘపు కానుకల నుండి వచ్చింది గనుక లెక్క చెప్పవలసినవాడను నేను. అందుకే ఈ వారం ఈ సంగతే రాస్తున్నాను. కొంచెం మెకానిక్ షెడ్డు మాటలుంటాయి, ఓపికతో చదవండి.

మన బండి 2009 మోడల్ బోలెరో. పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ ఇంకో అయిదేళ్ళకు కట్టించాము. ఇంజిను ఇంకా గట్టిగానే ఉంది. తుప్పు పట్టినచోట అతుకులు వేయించాము. కుంగిపోయింది మాత్రం వెనకవైపు. ఇన్నేళ్ళు కొండమీది గూడేలకు బియ్యం బస్తాలు, సిమెంటు, కూటాలకు కుర్చీలు, పండగలకు వంటపాత్రలు, వాటి పైన మనుషులు. మోసీ మోసీ వెనక కమాన్ పట్టీలు విల్లులా వంగి ఉండవలసినవి పలకలా చదునయిపోయాయి. ఖాళీ బండిని పక్కనుండి చూసినా ముక్కు పైకెత్తి, తోక దించి కూర్చున్నట్టు కనిపించేది.

తారురోడ్డు వరకు అలాగే నడిచిపోయేది. ఇబ్బందంతా ఆ తరువాతి మూడు కిలోమీటర్లలో. మన ప్రాంతం తెలిసినవారికి చెప్పనక్కరలేదు, దూరాన ఉన్నవారి కోసం చెబుతున్నాను. చింతపల్లి వైపు రోడ్డు దిగి పైగూడేలకు ఎక్కే మట్టిదారిలో ట్రాక్టర్లు తిరుగుతాయి. ట్రాక్టరు చక్రాలు పెద్దవి, అవి రెండు పక్కలా కాలువల్లా తవ్వేస్తాయి. మధ్యలో మట్టి దిబ్బ మిగులుతుంది. ఎండాకాలంలో అది రాయిలా గట్టిపడుతుంది. వర్షాకాలంలో పక్క కాలువలు ఇంకా లోతవుతాయి. మన బండి చక్రాలు ఆ కాలువల్లోకి దిగితే కడుపు దిబ్బమీద ఆనుతుంది. కడుపు ఆనిందంటే చక్రాలు గాలిలో తిరిగినట్టే, బండి కదలదు.

పోయిన ఆగస్టులో ఒక చెల్లెలికి నెలలు నిండి నొప్పులు మొదలయ్యాయి. 108 తారురోడ్డు చివరిదాకా వచ్చి ఆగింది. మన బండి సగం దారి వెళ్ళి దిబ్బమీద కూర్చుంది. నలుగురు మనుషులు డోలీ కట్టి ఆమెను వర్షంలో మోసుకొచ్చారు. దేవుని కృపవలన తల్లీ బిడ్డా క్షేమం. ఆ బిడ్డను మీరు క్రిస్మస్‌కు చూశారు కూడా. కాని డోలీ మోసిన నలుగురిలో ఒకరు మన సంఘపు పెద్ద, వయసు అరవై దాటింది. ఆ రాత్రి ఆయన భుజం మీద కర్ర ఒరుసుకుపోయిన గాయం చూశాక, ఇంకో వర్షాకాలం ఇలా రాకూడదని సంఘ కమిటీలో అందరం ఒక్కమాటగా అనుకున్నాం. బండి ఎత్తు చేయించాలన్న ఆలోచన అక్కడ పుట్టింది.

మన యవ్వనస్థులు వెంటనే ఫోనులో వీడియోలు చూపించారు. అడవుల్లో, బురదల్లో తిరిగే జీపులు. స్ప్రింగుల పైన దిమ్మలు పెట్టి నాలుగంగుళాలు లేపినవి, 31 అంగుళాల టైర్లు వేసినవి. వాటి ముందు మన బోలెరో పిల్లిపిల్లలా ఉంటుంది. "ఇలా చేయిద్దాం అయ్యగారూ, ఎక్కడా ఆగదు" అన్నారు. వారి ఆశ నాకర్థమైంది. డోలీ వెంట లాంతరు పట్టుకుని నడిచినవారు వాళ్ళే.

నర్సీపట్నంలో మన బండి చూసే మేస్త్రీ దగ్గరకు అందరం కలిసి వెళ్ళాం. ఆయన ముప్పై ఏళ్ళుగా జీపుల కింద పడుకుని పనిచేసిన మనిషి. వీడియో మొత్తం చూశాడు, ఏమీ అనలేదు. జాకీ తెచ్చి వెనక ఛాసిస్ కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టాడు. బండి వెనకభాగం మెల్లగా లేచింది. ఒక అంగుళం, రెండు, మూడు. చక్రాలు మాత్రం నేలమీదే ఉన్నాయి. అప్పుడు మా కుర్రవాళ్ళను కిందికి వంగి చూడమన్నాడు. రెండు వెనక చక్రాల మధ్య, ఇరుసు నడుమ, పెద్ద కొబ్బరికాయలా ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ హౌసింగు ఎక్కడిదక్కడే ఉంది.

"సూడండి అయ్యగోరూ. పైనున్నది లేచింది. కిందున్నది లేవనేదు. మీ బండి ఆనేది దేనిమీద? కిందున్నదాని మీద" అన్నాడు.

ప్రియులారా, ఈ ఒక్క సంగతి తెలియక ఎంతోమంది వేలకు వేలు పోస్తారు. స్ప్రింగులు లేపితే స్ప్రింగుల మీద ఉన్నవన్నీ లేస్తాయి. బాడీ లేస్తుంది, ఛాసిస్ లేస్తుంది, ఇంజిను లేస్తుంది. స్ప్రింగుల కింద ఉన్న ఇరుసు లేవదు. అది చక్రానికి బిగించి ఉంది. చక్రం ఎంత ఎత్తో అదీ అంతే. దాన్ని నేలనుండి పైకి లేపగలిగేది టైరు ఒక్కటే. స్ప్రింగు లేపడం వల్ల ప్రయోజనం లేదని కాదు. పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది, మెట్టుబల్ల, డీజిల్ టాంకు లాంటివి రాళ్ళకు తగలవు. కాని మన దారిలో అడ్డుపడేది మధ్య దిబ్బ, ఆ దిబ్బకు తగిలేది ఇరుసు నడిమి ఉబ్బు.

అయితే టైరు ఎంత ఇస్తుంది? ఇది లెక్కే, ఎవరైనా వేసుకోవచ్చు. టైరు పక్కన 215/75 R15 అని రాసి ఉంటుంది. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం అని. R అంటే రేడియల్. 15 అంటే రిమ్ము అంగుళాలు. 215లో 75 శాతం 161 మిల్లీమీటర్ల పైన కొంచెం. పైన ఒకటి, కింద ఒకటి, రెండు గోడలు కలిపి 322న్నర. పదిహేనంగుళాల రిమ్ము 381. మొత్తం టైరు ఎత్తు 703న్నర మిల్లీమీటర్లు. మేము వేయించినవి 235/75 R15. అదే లెక్క వేస్తే 733న్నర. తేడా ముప్పై మిల్లీమీటర్లు. అయితే ఇరుసు టైరు నడిమధ్యన ఉంటుంది గనుక అది లేచేది ఇందులో సగమే, పదిహేను మిల్లీమీటర్లు. అంగుళంలో ఆరు పదో వంతులు. అరిగిపోయిన పాత టైర్ల బదులు కొత్త గుండీలు వచ్చినందుకు ఇంకొంచెం. నేను టేపు పెట్టి కొలిచాను. పాత టైర్ల మీద హౌసింగు కింద ఖాళీ ఆరుముప్పావు అంగుళాలు, ఇప్పుడు ఏడున్నర.

ముప్పావు అంగుళమేనా అని మీకు అనిపించవచ్చు. మా కుర్రవాళ్ళకూ అలాగే అనిపించింది. 31 అంగుళాల టైరైతే ఒకటిన్నర అంగుళం దాటి వచ్చేది కదా అన్నారు. నిజమే. కాని దానికి చోటు చాలదు. స్టీరింగు తిప్పినప్పుడు లోపల రాసుకుంటుంది. చోటు కోసం స్ప్రింగులు నాలుగంగుళాలు లేపాలి, మడ్‌గార్డుల అంచులు కోయాలి. ఇరుసు చోటున ఇరుసు ఉండి, ఇంజిను పైకి పోయినప్పుడు రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్టు ఏటవాలు పెరుగుతుంది. దాని క్రాసులు త్వరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు బిగుసుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, బరువంతా పైకి పోతుంది. గడ్డి ఎత్తుగా వేసిన ఎడ్లబండి మలుపులో ఎలా ఒరుగుతుందో మీలో రైతులకు తెలుసు. మనం రోజూ దిగేది లంబసింగి ఘాట్ రోడ్డు. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ.

అయినా వాళ్ళు నాలుగంగుళాల మాట వదల్లేదు. నేనూ కొట్టివేయలేదు. ఒక చెల్లెలి ప్రాణం మీదికి వచ్చిన దారి అది, అవసరమైతే ఎంతైనా చేయించాలి. కనుక ఎక్కవలసినవారినే అడుగుదామని చెప్పాను.

తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక, గుడి ముందు వేపచెట్టు కింద ఇటుకలు పేర్చి పైన పలక వేశాం. బండి పక్క మెట్టు అప్పుడు నేలనుండి పదహారు అంగుళాలు ఉండేది. మొదట ఆ ఎత్తుకు పేర్చాం. పక్కన పట్టుకోవడానికి బండి తలుపు పిడిలా ఒక కర్ర పాతాం. పెద్దవయసు తల్లులు పదకొండుమంది ఉన్నారు. పదకొండుమందీ ఎక్కారు. తరువాత పద్దెనిమిది అంగుళాలు. ఎనిమిదిమంది తమంతట తాము ఎక్కారు, ముగ్గురికి చెయ్యి అందించాల్సి వచ్చింది. చివరికి కుర్రవాళ్ళు కోరిన లెక్క ప్రకారం ఇరవై ఒకటిన్నర అంగుళాలు. ఇద్దరే ఎక్కగలిగారు. వారిలో ఒకరు దిగడానికి భయపడితే ఇద్దరు పట్టుకుని దించారు.

ముందు వరుసలో ఎప్పుడూ చాపమీద కూర్చునే మన పెద్ద అవ్వ ఆ పలక దగ్గరకు వచ్చి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని, కాలు ఎత్తబోయి, మళ్ళీ కిందపెట్టింది. "ఇంతెత్తు నానెక్కనేను బాబూ. ఈ బండి మీ కుర్రోళ్ళకి బావుంటాది. మాకు డోలీయే నయం" అంది.

ఎవరూ నవ్వలేదు. వీడియోలు చూపించిన తమ్ముడే ముందుగా వంగి పై వరుస ఇటుకలు తీయడం మొదలుపెట్టాడు. ఆ రోజు నేను ప్రసంగవేదిక మీద చెప్పిన మాటలకంటె ఆ ఇటుకలు తీసిన చేతులే నాకు ఎక్కువ గుర్తున్నాయి. నిండు గర్భిణీ, మోకాళ్ళ నొప్పుల తల్లి, జ్వరంతో తూలుతున్నవాడు, వీరి కోసమే కదా బండి. దారిలో ఎక్కడా ఆగని బండి చేయించి, అందులోకి వారే ఎక్కలేకపోతే, అది గూడెం దాకా వెళ్ళి ఖాళీగా తిరిగివస్తుంది.

కపెర్నహూములో పక్షవాయువు గల మనిషిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మీకు తెలుసు. లోపలికి వెళ్ళే దారి లేకపోతే వారు ఇంటి కప్పు విప్పారు. మనకు సాధారణంగా ఆ నలుగురి విశ్వాసమే గుర్తుకు వస్తుంది. ఈసారి బండి పని మధ్యలో నాకు ఇంకొకటి తోచింది. వారు పైకి ఎక్కింది అతన్ని కిందికి దించడానికి. మంచం వెళ్ళి ఆగింది ఆయన పాదాల దగ్గర, నేలమీద.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మనలో కొందరు దీన్ని తేలికగా తీసుకుంటారు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి జరిగిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని ఉండవచ్చని పెట్టారు. జరిమానా ఒక ఎత్తు. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ ఆ మార్పునే చూపించి వెనక్కి తగ్గితే, లోపల కూర్చున్నవారి కుటుంబాలకు ఎవరు జవాబు చెబుతారు? అందుకని దిమ్మలు, కిట్లు అన్నీ పక్కన పెట్టాం. టైర్ల సంగతి రవాణా కార్యాలయంలో ముందే అడిగి, కాగితం మీద రాయించుకుని, బీమావారికి తెలియజేసి, ఆ తరువాతే కొన్నాం. మీలో ఎవరైనా ఇలాంటి పని తలపెడితే మన కాగితం చూసి బయలుదేరకండి. మీ బండి సంగతి మీ దగ్గరి కార్యాలయంలో మీరే అడగండి.

చివరికి ఏం చేయించామంటే, బండి పోగొట్టుకున్న ఎత్తును తిరిగి ఇప్పించాము. వెనక కమాన్ కట్టలు రెండూ కంపెనీ కొలత ప్రకారం కొత్తవి. పాత పట్టీలనే కాల్చి వంపు కొట్టిస్తే ఖర్చు సగమయ్యేది. కాని సరిగా టెంపర్ కాని పట్టీ బరువు మీద మళ్ళీ కుంగుతుంది, లేదా విరుగుతుంది, ఆ పని వద్దని మేస్త్రీయే చెప్పాడు. ముందు కాయిల్ స్ప్రింగులు రెండూ, నాలుగు షాకబ్జార్బర్లు, షాకిల్ బుష్‌లు, యూ బోల్టులు కొత్తవి. పాత యూ బోల్టులు ఒకసారి సాగి ఉంటాయి, కొత్త పట్టీలకు వాటిని తిరిగి వాడకూడదట. వెనకవైపు పట్టీల వల్ల ఒకటిముప్పావు అంగుళం లేచింది. ముందు అర అంగుళం. దాని మీద టైర్లు ఇచ్చింది అదనం. పక్క మెట్టు ఇప్పుడు పద్దెనిమిది అంగుళాలకు కాస్త తక్కువ ఉంది. తయారీదారు ఉద్దేశించిన ఎత్తుకే పట్టీలు వచ్చాయి గనుక షాఫ్టు ఏటవాలు, బ్రేకు గొట్టాలు వేటికీ ఇబ్బంది రాలేదు.

టైర్లు అయిదు కొన్నాం. నాలుగు కొని స్టెప్నీ పాతదే ఉంచుదామని ఒకరు అన్నారు. వెనక ఇరుసుకు ఒకవైపు పెద్ద టైరు, ఒకవైపు చిన్న టైరు ఉంటే లోపలి డిఫరెన్షియల్ గేర్లు తిన్నటి దారిలో కూడా విరామం లేకుండా తిరుగుతూ వేడెక్కుతాయి. పంక్చరయ్యేది ఎప్పుడూ ఊరికి దూరంగానే. అందుకే అయిదూ ఒకే కొలత. కొనేటప్పుడు పక్కగోడమీద నాలుగంకెల తయారీ తేదీ చూసుకోండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2224 అని ఉంటే 2024లో 22వ వారం అన్నమాట. షాపులో రెండేళ్ళు పడి ఉన్న టైరును కొత్తదన్న ధరకు కొనుక్కోవద్దు. బరువు మోసే అంకె కూడా పాత టైరుకన్నా తక్కువ ఉండకూడదు. రిమ్ము వెడల్పుకు సరిపోతాయని షాపువారి పట్టికలో చూసి ధ్రువపరచుకున్నాం.

బిగించాక మేస్త్రీ ఒక చక్రాన్ని ఇటుకల దిబ్బమీదికి ఎక్కించి, స్టీరింగు ఈ చివరినుండి ఆ చివరికి తిప్పించి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చేత్తో తడిమి చూశాడు. రెండోవైపు కూడా అలాగే. తరువాత వీల్ అలైన్‌మెంటు. ఆ తరువాత హెడ్‌లైట్లు. ఇన్నాళ్ళూ వెనక కుంగి ఉండటంతో మన లైట్లు ఎదుటివారి కళ్ళలోకి కొట్టేవి. ఇప్పుడు వెనక లేచాక అవి మరీ దగ్గర నేలను చూస్తున్నాయి. గోడ ముందు నిలబెట్టి సరిచేయించాం. అయిదువందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ వెళ్ళి యూ బోల్టులు బిగించుకొచ్చాం. ఆ ఒక్క పని మరచిపోవడం వల్లే చాలా బండ్లలో పట్టీలు పక్కకు జరుగుతాయని మేస్త్రీ చెప్పాడు.

ఇక లెక్క. టైర్లు అయిదు 37,000. వెనక కమాన్ కట్టలు 13,500. ముందు స్ప్రింగులు 5,200. షాకబ్జార్బర్లు నాలుగు 8,800. బుష్‌లు, బోల్టులు 2,700. మేస్త్రీ కూలి 4,500. అలైన్‌మెంటు, లైట్లు 800. మొత్తం 72,500 రూపాయలు. పాత టైర్లు అమ్మగా 3,000 వచ్చింది. మిగిలిన 69,500 వాహన నిధి నుండి చెల్లించాం. బిల్లులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా అడిగి చూడవచ్చు.

ఈ పెద్ద టైర్లు ఇచ్చినదానికి బదులు కొంత తీసుకుంటాయి కూడా, అదీ చెప్పాలి. చక్రం పెద్దదయింది గనుక ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. మీటరుకు ఆ సంగతి తెలియదు. ముల్లు 60 చూపిస్తే నిజంగా పోయేది 62న్నర. మీటరు వంద కిలోమీటర్లు అంటే మనం తిరిగింది 104. అందుకే డ్రైవరుగా ఉండే తమ్ముళ్ళకు 50 దాటవద్దని చెప్పాను. ఎత్తులు ఎక్కేటప్పుడు ముందు రెండో గేరులో పోయేచోట ఇప్పుడు ఒకటో గేరు వేయాల్సి వస్తోంది. బ్రేకు కొంచెం ముందుగా తొక్కాలి. మీటరు లెక్కన లీటరుకు పదమూడు ఇచ్చేది పన్నెండు ఇస్తోంది. ఆ నాలుగు కిలోమీటర్ల తేడా కలుపుకుంటే పన్నెండున్నర. పైన కారియరు మీద ఇక బియ్యం బస్తాలు వేయము, బరువు ఏదైనా లోపలే, నేలకు దగ్గరగా. ఘాట్ రోడ్డులో ఎంత తొందరున్నా పాత వేగం కన్నా తక్కువే.

మెట్టు రెండంగుళాలు పెరిగినందుకు మన సంఘపు వడ్రంగి సహోదరుడు ఆరంగుళాల ఎత్తున్న పీట ఒకటి వేపచెక్కతో చేసి ఇచ్చాడు. కూలి తీసుకోలేదు. కాళ్ళు వెడల్పుగా పెట్టాడు, వాలు నేలమీద కూడా ఊగదు. పైన జారకుండా పాత టైరు ముక్క కొట్టాడు. అది డ్రైవరు సీటు వెనక ఉంటుంది. నేలనుండి పీటమీదికి, పీటమీదినుండి బండిలోకి. పదకొండుమంది తల్లులూ ఇప్పుడు ఎక్కుతున్నారు. పెద్ద అవ్వ మొదటిసారి ఎక్కి కూర్చుని, కిటికీలోంచి బయటికి చూసి, "ఇదీ ఎత్తే, కానీ ఎక్కనిచ్చింది" అంది. ఇకమీదట బండి తాళం తీసుకునేవారెవరైనా ముందు పీట ఉందో లేదో చూసుకుని బయలుదేరాలి. స్టెప్నీ ఎంతో అదీ అంతే.

మరి దిబ్బ సంగతేమిటి? ఇది అడగవలసిన ప్రశ్న. నేనూ మన యవ్వనస్థులూ ఒక సాయంత్రం ఆ మూడు కిలోమీటర్లూ టేపు పట్టుకుని నడిచాం. బండి ఆనేంత ఎత్తు దిబ్బలు మూడుచోట్లే ఉన్నాయి. మొదటిది ఏడు అంగుళాలు, రెండోది ఎనిమిది, మామిడిచెట్టు మలుపు దగ్గర ఉన్న మూడోది తొమ్మిదిన్నర. ఏడున్నర అంగుళాల బండికి మొదటిది తప్పుకుంది. రెండోదాన్ని, మూడోదాన్ని మనం కొనగలిగిన ఏ టైరూ దాటించదు. చెప్పాలంటే వీడియోలోని 31 అంగుళాల టైరు కూడా ఆ మూడోదాని మీద ఆనేదే.

నాలుగంగుళాలు ఎత్తాలన్న తమ్ముడే ఆ మలుపు దగ్గర నిలబడి, "అయ్యగారూ, బండిని ఎత్తేబదులు దీన్ని దించితే?" అన్నాడు. మరుసటి శనివారం పదిహేడుమంది గునపాలు, పారలతో వచ్చారు. మన సంఘంవారే కాదు, గూడెంలో మన సంఘానికి రానివారు కూడా ఆరుగురు వచ్చారు. దారి అందరిదీ కదా. పొద్దెక్కేసరికి ఆ తొమ్మిదిన్నర అంగుళాల దిబ్బను నాలుగంగుళాలకు చెక్కేశాం. తీసిన మట్టి, రాళ్ళు పక్క కాలువల్లో పోసి దిమ్మిస కొట్టాం. ఖర్చు ఒక గంపెడు అటుకులు, టీ. ఆ మధ్యాహ్నం బండి పైదాకా వెళ్ళివచ్చింది, ఆ మలుపు దగ్గర కింద తగల్లేదు.

వర్షాలు పడి ట్రాక్టర్లు తిరిగితే అది మళ్ళీ పెరుగుతుందని నాకు తెలుసు. ప్రతి ఏడూ వానలకు ముందొకసారి, తరువాతొకసారి చెక్కుకోవలసిందే. టైర్లు అరుగుతాయి, పట్టీలు మళ్ళీ కొంచెం కుంగుతాయి, మట్టి మళ్ళీ లేస్తుంది. పరిచర్య అంటే ఇదే అనుకుంటాను. ఒకసారి చేసి ముగించే పని కాదు, కొలిచి చూసుకుంటూ మళ్ళీ మళ్ళీ చేసే పని.

ఇంకొక నెలలో మన గూడెంలో ఇద్దరు చెల్లెళ్ళకు నెలలు నిండుతాయి. వారి కోసం ప్రార్థించండి. రెండో దిబ్బ ఇంకా అలాగే ఉంది. దగ్గర్లో ఉన్నవారు వచ్చే శనివారం ఉదయం ఆరుగంటలకు పారలతో మామిడిచెట్టు మలుపు దగ్గరకు రండి. పీట, టీ బండిలో ఉంటాయి.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు